రివాల్వర్ తూటాలు: కొనుగోలు మొదలు లెక్క అప్పగింత దాకా కొత్త లైసెన్సుదారు తెలుసుకోవలసినవి

మా తాతల కాలంలో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తుపాకీ అంటే భర్మారే. గొట్టం మూతి నుంచి బారూదు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుండ్లు వేసి, ఇనుప గజంతో దట్టించి పేల్చేవారు. తుపాకీ ఉన్నవాడే తన మందును తాను నింపుకునేవాడు. ఆ జ్ఞాపకం ఇంకా పోలేదేమో, కొత్తగా రివాల్వర్ లైసెన్సు తెచ్చుకున్నవారిలో కొందరు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇది: పేలిన తూటా ఇత్తడి కేసు, అంటే పైతొడుగు, చెక్కుచెదరకుండా ఉంటుంది కదా, దాన్నే మళ్లీ నింపుకుంటే ఖర్చు తగ్గదా? అమెరికాలో ఉద్యోగం చేసే బంధువుల ఇళ్లలో ఆ పని కళ్లారా చూసి వచ్చినవారు ఈ ప్రశ్నను ఇంకా గట్టిగా అడుగుతారు.

టెక్సాస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు గ్యారేజీలో ఆ పని కోసమే ఒక బల్ల ఉంది. దానికి బిగించిన చేతి ప్రెస్సుతో అతను పేలిన కేసు అడుగున ఉన్న పాత క్యాపును (దెబ్బ తగలగానే రగిలి మందును అంటించే చిన్న మూతను) తోసివేస్తాడు, పేలుడుకు ఉబ్బిన కేసును అచ్చులో దూర్చి పాత కొలతకు తెస్తాడు, కొత్త క్యాపు ఎక్కించి, తయారీదారు పుస్తకంలో ఇచ్చిన బరువు మేరకే మందు తూచి పోసి, పైన బుల్లెట్ (పేలినప్పుడు దూసుకుపోయే ముక్క) బిగిస్తాడు. దీన్నే వారు రీలోడింగ్ అంటారు. అక్కడ సొంత వాడకానికి ఇలా చేసుకునేవారికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. అంత స్వేచ్ఛ ఉన్న చోట కూడా అతను ఆ బల్ల దగ్గర ఉన్నంతసేపు ఫోను తీయడు, పక్కన ఎవరైనా మాట్లాడితే పని ఆపేస్తాడు. రివాల్వర్ కేసులో ఈ కాలపు పొగలేని మందు కొద్దిగానే పడుతుంది, లోపల చాలా చోటు ఖాళీగా మిగులుతుంది. అందువల్ల పరధ్యానంలో రెండోసారి పోసినా అది పొంగి బయటికి రాదు, పైకి చూస్తే తెలియదు. అలాంటి తూటా పేలితే తూటాలు కూర్చునే గదులున్న సిలిండర్ చీలి చేతిలోనే ముక్కలవుతుంది. అసలు మందే పడని తూటా మరో రకం ప్రమాదం: ఒక్క క్యాపు బలానికి బుల్లెట్ కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనుకనే వచ్చే రెండో తూటా దాన్ని గుద్దుకుని గొట్టాన్ని ఉబ్బించి పగలగొడుతుంది.

మన దేశంలో ఈ చర్చ అంత దూరం రాకముందే చట్టం దగ్గర ఆగిపోతుంది. ఆయుధాల చట్టం, 1959 లోని 5వ సెక్షన్ ప్రకారం తయారీ లైసెన్సు లేకుండా ఆయుధాలను గాని మందుగుండును గాని తయారు చేయరాదు, మార్పు చేయరాదు, మరమ్మతు కూడా చేయరాదు. మీ చేతిలో ఉన్న లైసెన్సు రివాల్వర్‌ను, తూటాలను దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చినది. తయారీకి అది పనికిరాదు. 2019 సవరణ తరువాత, 25వ సెక్షన్ కింద లైసెన్సు లేని తయారీకి శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. పాత చట్టంలో ఇది మూడు నుంచి ఏడేళ్లు. ఇక చాలామందికి తెలియని సంగతి చట్టం 2వ సెక్షన్‌లోని నిర్వచనంలో ఉంది: మందుగుండు అనే మాటలో నిండు తూటాలే గాక తూటా భాగాలు, తూటా తయారు చేసే యంత్రాలు కూడా చేరతాయి. సంక్రాంతికి ఊరికి వస్తూ బంధువు ఎంతో ప్రేమగా సూట్‌కేసులో పెట్టుకొచ్చే చేతి ప్రెస్సు, ఒక డబ్బా క్యాపులు శంషాబాద్ విమానాశ్రయం దాటక ముందే ఇద్దరినీ పోలీసు కేసులో ఇరికిస్తాయి. అక్కడి అలవాటును అక్కడే వదిలిపెట్టి రమ్మని ముందుగా ఫోన్ చేసి చెప్పడం మంచిది.

మరమ్మతు గురించి కూడా ఇక్కడే ఒక మాట చెప్పాలి. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో మంచి లేత్ పనివాళ్లు ఉన్నారు, బోరు మోటారు షాఫ్టును నిమిషాల్లో సరిచేస్తారు. అయినా రివాల్వర్ స్ప్రింగు, ట్రిగ్గరు, ఫైరింగ్ పిన్ను వారి చేతికి ఇవ్వరాదు. ఆ పనికి లైసెన్సు ఉన్న ఆయుధ డీలరు దగ్గరికే వెళ్లాలి, అప్పగించిన రోజు రసీదు తీసుకోవాలి.

కాబట్టి మన దగ్గర తూటాల విద్యను మొదలుపెట్టడం అంటే ఫ్యాక్టరీలో తయారైన తూటాను సరిగా గుర్తుపట్టి కొనడం, పాడు కాకుండా దాచడం, జాగ్రత్తగా వాడడం, ప్రతి ఖాళీ కేసుకూ లెక్క చెప్పగలగడం. ఈ నాలుగూ తేలికగా కనిపిస్తాయి గాని, లైసెన్సు పోగొట్టుకున్నవారిలో నేను చూసిన చాలామంది నాలుగో దాని దగ్గరే తప్పారు.

లైసెన్సులోనే తూటా సంఖ్య ఉంటుంది

రివాల్వర్ కొనే ఉత్సాహంలో లైసెన్సును పూర్తిగా చదివేవారు తక్కువ. 21 ఏళ్లు నిండినవారు ఫారం ఏ-1 లో దరఖాస్తు చేసి, పోలీసు విచారణ పూర్తయ్యాక, ఆయుధాల నియమాలు, 2016 ప్రకారం ఫారం 3 లో లైసెన్సు పొందుతారు. కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో దీన్ని ఇస్తారు. పోలీసు కమిషనరేట్ ఉన్న ప్రాంతంలో కమిషనర్ ఇస్తారు. జాతీయ సమాచార నిధిలో నమోదై వచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఆ లైసెన్సు మీద ఉందో లేదో మొదట చూసుకోండి. ఆ తరువాత బోరు (గొట్టం లోపలి కొలత), తయారీ సంఖ్య, చెల్లుబాటు అయ్యే ప్రాంతం, గడువు సరిచూడండి. 2019 సవరణ వచ్చినప్పటి నుంచి గడువు మూడేళ్లకు బదులు ఐదేళ్లు అయింది, ఒక వ్యక్తి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి.

తూటాల విషయంలో లైసెన్సు మీద రెండు వేర్వేరు అంకెలు ఉంటాయి: ఒకే సమయంలో దగ్గర ఉంచుకోదగిన గరిష్ఠ సంఖ్య, ఒక ఏడాదిలో కొనదగిన గరిష్ఠ సంఖ్య. వీటిని కలగలిపి చదవడం కొత్తవారు చేసే మొదటి తప్పు. ఏడాది కోటా మిగిలి ఉందని కొత్త పెట్టె కొంటారు, ఇంట్లో పాత నిల్వతో కలిపితే మొదటి అంకె దాటిపోతుంది. లైసెన్సు షరతు ఉల్లంఘనకు 30వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గాని, రెండు వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంతకన్నా ముందు లైసెన్సే రద్దయ్యే ప్రమాదం ఉంది.

.32 అని రాసి ఉంటే సరిపోదు

.38, 9 మి.మీ. వంటి బోర్లు నిషిద్ధ కోవలోకి వస్తాయి కనుక మన జిల్లాల్లో సామాన్య లైసెన్సుదారు చేతికి ఎక్కువగా వచ్చేది .32 రివాల్వరే. కాన్పూర్‌లో తయారయ్యే పాత ప్రభుత్వ రివాల్వర్, 2014లో ముఖ్యంగా మహిళల కోసమని తెచ్చిన నిర్భీక్, 2023లో వచ్చిన ప్రబల్ మూడూ ఈ బోరువే. వీటి తూటాను .32 స్మిత్ అండ్ వెసన్ లాంగ్ అంటారు. 1896లో పుట్టిన ఈ తూటా కేసు సుమారు 23 మి.మీ. పొడవు ఉంటుంది, అడుగున అంచు స్పష్టంగా బయటికి పొడుచుకుని ఉంటుంది. సిలిండర్ గదిలో తూటాను లోపలికి జారిపోకుండా పట్టి ఉంచేది ఆ అంచే.

ఇదే .32 పేరుతో పిస్టల్ తూటా కూడా దుకాణంలో దొరుకుతుంది. దాని కేసు పొడవు 17 మి.మీ. మాత్రమే, అంచు సన్నంగా ఉంటుంది. చూసీ చూడకుండా తీసుకుంటే అది రివాల్వర్ గదిలో పట్టినట్టే ఉంటుంది. కాని రెండింటి కొలతలు, ఒత్తిళ్లు వేరు, రివాల్వర్‌ను దాని కోసం తయారు చేయలేదు. దుకాణంలో "బత్తీస్ బోర్ గోలీ" అని అడిగి ఊరుకోకుండా, రివాల్వర్‌దా పిస్టల్‌దా స్పష్టంగా చెప్పి, పెట్టె మీది రాత చదివి, ఒక తూటాను చేతిలోకి తీసుకుని చూడండి. దేశీయ తూటాల అడుగున కే.ఎఫ్. అనే అక్షరాలు కనిపిస్తాయి. అది పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మొదలైన తూటాల ఫ్యాక్టరీ గుర్తు. 2021లో ఆయుధ కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీసినప్పుడు ఖడ్కీ ఫ్యాక్టరీ మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌లో చేరింది.

కొన్న తూటాల సంఖ్యను, తేదీని డీలరు మీ లైసెన్సులో రాసి సంతకం, ముద్ర వేయాలి. దుకాణం మెట్లు దిగక ముందే ఆ అంకెను బిల్లులోని అంకెతో పోల్చి చూడండి. ఒకసారి నాకు 25 తూటాలు ఇచ్చి లైసెన్సులో 20 అని రాశారు; నేను ఇంటికి వచ్చి నాలుగు రోజుల తరువాత గాని గమనించలేదు. ఆ ఐదు తూటాలు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరైనా అడిగితే బిల్లు ఒక్కటే నాకు ఆధారం. మళ్లీ హైదరాబాదు బస్సెక్కి వెళ్లి దిద్దించుకుని వచ్చాను, ఆ రోజు నుంచి లెక్క కౌంటరు దగ్గరే చేస్తున్నాను.

బంధువు దగ్గర మిగిలిన తూటాలు పది ఇప్పించుకుంటే పని అయిపోతుందని అనుకోవద్దు. బంధువుకూ అదే బోరు లైసెన్సు ఉన్నా సరే, చేతులు మారే ముందు జిల్లా మేజిస్ట్రేటుకు గాని దగ్గరి ఠాణా అధికారికి గాని రాతపూర్వకంగా తెలిపి, కనీసం 45 రోజులు గడవాలని 5వ సెక్షన్ చెబుతోంది. పది తూటాల కోసం అంత తతంగం ఎవరూ పెట్టుకోరు, కాబట్టి డీలరు దగ్గరే కొనుక్కోవడం సుఖం.

తూటాల పుస్తకం

పాల లెక్క రాసినట్టు తూటాల లెక్క రాయాలి. గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి తీసుకుని పేజీకి సంఖ్యలు వేసి, తేదీ, కొన్నవి, బిల్లు సంఖ్య, పేల్చినవి, పేల్చిన చోటు, మిగిలిన ఖాళీ కేసులు, నిల్వ అని గడులు గీయండి. 25 కొని, షూటింగ్ రేంజిలో 12 పేలిస్తే, నిల్వ గడిలో 13, ఖాళీ కేసుల గడిలో 12 ఉండాలి. ఈ రెండూ కలిపి కొన్న సంఖ్యకు సరిపోకపోతే ఆ రోజే వెతకాలి. లైసెన్సు పునరుద్ధరణ సమయంలోనో, కొత్తవి కొనేటప్పుడో, ఏదైనా విచారణ వచ్చినప్పుడో పేల్చినవాటి ఖాళీ కేసులు చూపమని అడగవచ్చు; చూపగలిగినవాడి మాటకు ఉండే బరువు వేరు.

ఖాళీ కేసు పనికిరాని ఇత్తడి అనుకుని పాత సామాన్ల బండివాడికి వేయడం, పిల్లలు ఈల ఊదుకుంటారని ఇవ్వడం, కంసాలి దగ్గర తాళంచెవి గొలుసు చేయించడం మన దగ్గర మామూలే. బస్సులో, మెట్రోలో, విమానాశ్రయంలో తనిఖీ యంత్రం ముందు ఆ గొలుసు పెట్టినప్పుడు అది ఖాళీదో నిండుదో తెరమీద చూసేవారికి వెంటనే తెలియదు. ఎరుక లేకుండా సంచిలో మిగిలిపోయిన ఒక్క తూటాకు కేసులు నమోదై, తన దగ్గర అది ఉందని తెలిసి ఉంచుకోలేదని కోర్టులో రుజువు చేసుకోవడానికి ఏళ్లు తిరిగినవారు ఉన్నారు. ప్రయాణానికి సంచి సర్దేటప్పుడు జేబులన్నీ తిరగేసి దులపండి. తూటాలు మోయడానికి ఒకే సంచి పెట్టుకుని, దాన్ని మరే పనికీ వాడకపోవడం నేను పాటించే పద్ధతి.

ఎండ, తేమ, తోలు

మందుగుండు దాచడానికి మన ప్రాంతపు వాతావరణం ఏమంత అనుకూలం కాదు. మే నెలలో నల్లగొండలో ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, రేకుల గదిలో రాత్రి పదింటికి కూడా గోడ చల్లబడదు. ఆ వేడికి తూటా దానంతట అది పేలదు. అంత భయం అక్కరలేదు. కాని ఏడాది తరువాత ఏడాది అలా ఉడికిన పొగలేని మందు లోపల మెల్లగా చెడుతుంది, ఒకటి బలంగా ఒకటి నీరసంగా పేలుతుంది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటుతుంది కనుక డాష్‌బోర్డు అరలో తూటాలు వదలడం రెండు విధాల తప్పు: మందు చెడుతుంది, కారు అద్దం పగలగొట్టినవాడికి తూటాలు దొరుకుతాయి.

ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిని, అందులోనూ పడమటి గోడకు ఆనుకోని చోటును ఎంచుకోండి. వంటగది, దేవుడి గది పనికిరావు. ఒకచోట ఆవిరి, మరోచోట దీపం. తాళం వేసిన ఇనుప బీరువాలో, మూత బిగుతుగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే కొన్ని సిలికా పొట్లాలతో పాటు తూటాలను వాటి అసలు పెట్టెలోనే ఉంచండి. పెట్టె మీది రాత వల్ల ఎప్పటి తూటాలో తెలుస్తుంది, పాతవాటిని ముందు వాడవచ్చు. రివాల్వర్‌ను వేరే అరలో, వేరే తాళంతో ఉంచాలి, రెండు తాళంచెవులు ఒకే గుత్తిలో ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో బీరువా పైన చీరల మడతల కింద తాళంచెవి పెట్టి, అది ఎవరికీ తెలియదని నమ్మే పెద్దలను చూస్తే నాకు నవ్వు రాదు. సెలవుల్లో వచ్చిన మనవడికి ఆ చోటు మొదటి రోజే తెలుస్తుంది.

నడుముకు కట్టుకునే తోలు పటకా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడడానికి దర్జాగా ఉండే ఆ పటకా గూళ్లలో తూటాలను నెలల తరబడి ఉంచితే, తోలును పదును పెట్టడానికి వాడిన పదార్థాలు, చెమట, వానకాలపు తేమ కలిసి ఇత్తడికి పచ్చని చిలుము పట్టిస్తాయి. నాగార్జునసాగర్ కాలువల పక్కన, జూరాల వెనుక నీటి ఒడ్డున ఉండే ఊళ్లలో ఇది ఇంకా తొందరగా కనిపిస్తుంది. చిలుము పలచగా ఉంటే పొడి గుడ్డతో తుడవవచ్చు. చింతపండుతో, బ్రాసోతో తోమి చెంబులా మెరిపించాలని చూడవద్దు. ఇత్తడి పలచబడుతుంది, తడి క్యాపులోకి దిగుతుంది. ఆ మాటకొస్తే నూనె కూడా క్యాపుకు శత్రువే. రివాల్వర్‌ను శుభ్రం చేశాక సిలిండర్ గదుల్లో మిగిలిన నూనెను పొడి గుడ్డతో పూర్తిగా తుడవకుండా తూటాలు ఎక్కిస్తే, ఆ నూనె క్యాపు అంచు నుంచి లోపలికి ఇంకి, అవసరమైన సమయంలో తూటా పేలకుండా చేస్తుంది.

ప్రతి తూటాను వాడే ముందు వెలుతురులో తిప్పి చూడాలి. కేసు మూతి దగ్గర చీలిక ఉన్నా, పక్కన నొక్కు పడినా, చిలుము గుంటలు తిన్నా దాన్ని పక్కన పెట్టండి. అడుగున క్యాపు కేసు మట్టానికి పైకి పొడుచుకుని ఉంటే వేలి కొసకు తగులుతుంది. అలాంటిది సిలిండర్‌ను తిరగనివ్వకుండా పట్టేస్తుంది. బుల్లెట్ వదులై ముందుకు జరిగిన తూటా కూడా పక్క తూటా పేలిన కుదుపుకు ఇంకా బయటికి వచ్చి అదే పని చేస్తుంది. పనికిరానివాటిని పొయ్యిలో వేయడం, బావిలో పారేయడం, సుత్తితో కొట్టి మందు తీయడం చేయరాదు. రాతపూర్వకంగా తెలిపి ఠాణాలో గాని డీలరుకు గాని అప్పగించి రసీదు తీసుకోండి. పాత ఇల్లు కూల్చేటప్పుడు అటక మీద దొరికిన తాతలనాటి తూటాల విషయంలో వాటిని ముట్టకుండా ముందు ఠాణాకు ఫోన్ చేయడం మేలు.

ఎక్కించడం, దించడం, పేలనిది

పాత ప్రభుత్వ రివాల్వర్‌లో, నిర్భీక్‌లో పక్కనున్న మీటను నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్ వెనుక భాగం తెరుచుకుంటుంది, నడిమిన ఉన్న నక్షత్రం ఆకారపు భాగం పైకి లేచి ఆరు కేసులనూ ఒకేసారి తోసేస్తుంది. ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఏ రకమైనా మూతి ఎవరివైపూ ఉండకూడదు, ట్రిగ్గరు గార్డు లోపల వేలు ఉండకూడదు. దించాక ఆరు గదులనూ కంటితో చూడాలి, చీకట్లో అయితే చిటికెన వేలితో తడిమి లెక్కపెట్టాలి. పేల్చేటప్పుడు సిలిండర్‌కూ గొట్టానికీ మధ్యనున్న సన్నని సందు నుంచి వేడి వాయువు, సీసపు పొడి పక్కలకు చిమ్ముతాయి, కాబట్టి రెండో చేతి వేళ్లు ఆ సందు దగ్గరికి పోరాదు. కళ్లకు అద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి.

ట్రిగ్గరు నొక్కితే టిక్కుమని ఊరుకున్న తూటా దగ్గర కొత్తవారి ఓపిక తెలుస్తుంది. కొన్నిసార్లు క్యాపు ఆలస్యంగా రగిలి కొన్ని క్షణాల తరువాత పేలుతుంది. రివాల్వర్‌లో ఇక్కడే ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది: వెంటనే మళ్లీ ట్రిగ్గరు నొక్కితే సిలిండర్ తిరిగి, ఆ నిదానపు తూటా గొట్టానికి ఎదురుగా లేని గదిలోకి జరుగుతుంది, అక్కడ పేలితే బుల్లెట్‌కు దారి లేదు. అందుకే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం కదలకుండా ఆగి, ఆ తరువాతే తెరవాలి. చప్పుడు మామూలు కన్నా నీరసంగా, టప్పుమన్నట్టు వినిపించి, కుదుపు తెలియకపోతే బుల్లెట్ గొట్టంలోనే ఉందని అనుకోవాలి. అక్కడితో ఆపి, తూటాలు దించి, గొట్టంలో వెనుక నుంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి. ఇరుక్కున్నదాన్ని ఇంట్లో గజంతో కొట్టి తీయాలని చూడకుండా డీలరు దగ్గరికి తీసుకెళ్లండి.

పేల్చడానికి అనుమతి ఉన్న రేంజి తప్ప మరో చోటు లేదని అనుకోవడం మంచిది. "మా పొలంలో ఎవరుంటారు" అనే మాట తరచుగా వింటాను. మన పొలాల చుట్టూ ఉన్నవి రాతి గుట్టలు; .32 సీసపు బుల్లెట్ బండకు ఏటవాలుగా తగిలితే ఎటు ఎగురుతుందో పేల్చినవాడికి తెలియదు, గుట్ట అవతల గొర్రెలు కాసేవాడికి అసలే తెలియదు. పెళ్లి బరాత్‌లో గాలిలోకి పేల్చడాన్ని 2019 సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది: రెండేళ్ల దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని. గురి నేర్చుకోవాలనే కోరిక నిజమైతే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి, 4.5 మి.మీ. పెల్లెట్ ఖరీదు స్వల్పం, చేయి కుదిరే తీరు, ట్రిగ్గరు నొక్కే తీరు అవే. రివాల్వర్‌తో ఇంట్లో ఉత్తుత్తి అభ్యాసం చేయాలంటే దుకాణంలో దొరికే డమ్మీ తూటాలు వాడాలి. నిజం తూటా నుంచి బుల్లెట్ ఊడదీసి డమ్మీ చేసుకోవడం మళ్లీ మనల్ని 5వ సెక్షన్ దగ్గరికే తీసుకుపోతుంది.

జాతర, అడవి, ఎన్నికలు

లైసెన్సు షరతుల ప్రకారం ప్రత్యేక అనుమతి లేకుండా ఆయుధాన్ని జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, బహిరంగ సభకు, విద్యాసంస్థ ఆవరణకు తీసుకెళ్లకూడదు. కురుమూర్తి జాతర, పెద్దగట్టు లింగమంతుల జాతర, జాన్‌పహాడ్ ఉర్సు, యాదగిరిగుట్ట బ్రహ్మోత్సవాలు అన్నీ దీని కిందికే వస్తాయి. కట్నకానుకల నగదు వెంట ఉందని రక్షణకు తెచ్చానన్న సమాధానం చెల్లదు. రివాల్వర్ ఇంట్లో వదిలి, తూటాలు మాత్రం జేబులో మిగిలినా తప్పే.

పాలమూరు, నల్లగొండ వాసులకు మరో షరతు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వల్ల వచ్చింది. 31వ సెక్షన్ ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వక ముందస్తు అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించరాదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం పోయేవారు అమ్రాబాద్ అడవి గుండానే పోతారు కనుక ఆ ప్రయాణంలో రివాల్వర్‌ను వెంట పెట్టుకోకపోవడమే సరైనది. 34వ సెక్షన్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లి, అభయారణ్యంలో గాని దాని నుంచి పది కిలోమీటర్ల లోపల గాని నివసించే లైసెన్సుదారులు ఆ అధికారి వద్ద పేరు నమోదు చేసుకోవాలని, ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు ఆ అధికారి ముందస్తు సమ్మతి కావాలని చెబుతోంది. అచ్చంపేట, దేవరకొండ వైపు అడవి అంచు ఊళ్లలో దరఖాస్తు ఎందుకు ఆలస్యమవుతోందో తెలియక కలెక్టరేట్ చుట్టూ తిరిగేవారు మొదట ఈ సంగతి కనుక్కోవాలి.

ఎన్నికల ప్రకటన వచ్చాక ఆయుధాలు డిపాజిట్ చేయమని ఠాణా నుంచి కబురు వస్తే, రివాల్వర్‌తో పాటు తూటాల సంఖ్యను కూడా రసీదులో రాయించండి. రివాల్వర్ సంఖ్య ఒక్కటే రాసి ఇచ్చిన రసీదుతో ఇంటికి రావద్దు.

గడువు, పోగొట్టుకోవడం, వారసులు

పునరుద్ధరణకు గడువు ముగియడానికి కనీసం రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టండి. గడువు దాటిన లైసెన్సుతో ఇంట్లో ఉన్న తూటాలు ఆ మరుసటి రోజు నుంచి లైసెన్సు లేని తూటాలే. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం వాటిని ఆలస్యం లేకుండా ఠాణాలో గాని డీలరు వద్ద గాని డిపాజిట్ చేయాలి. ఒక్క తూటా కనిపించకపోయినా ముందు ఇల్లంతా వెతికి, దొరకకపోతే ఆ రోజే దగ్గరి ఠాణాలో రాసి ఇవ్వండి. లెక్కల పుస్తకం సక్రమంగా ఉంటే ఆ కాగితం రాయడానికి పది నిమిషాలు చాలు.

లైసెన్సుదారు మరణించినా, 70 ఏళ్లు నిండినా, ఆయుధాన్ని 25 ఏళ్లు ఉంచుకున్నా, దాన్ని వారసుడి పేరిట మార్చేందుకు 2016 నియమాలు దారి ఇచ్చాయి. మరణం జరిగిన ఇంట్లో పెద్దకర్మ హడావిడిలో బీరువా గుర్తుకు రాదు. అప్పటికి కొడుకు పేరిట లైసెన్సు లేదు కనుక, తండ్రి తూటాలు అతని దగ్గర ఒక్క రోజు ఉన్నా చట్టం ముందు ఇబ్బందే. అందుకే తూటాల పుస్తకం మొదటి పేజీలో లైసెన్సు సంఖ్య, ఠాణా ఫోన్ నంబరు, బీరువాలో ఏ అరలో ఏముందో రాసి, ఆ పేజీ సంగతి ఇంట్లో ఒకరికైనా ముందే చెప్పి ఉంచండి. డిపాజిట్ చేసిన రోజు రసీదును అదే పుస్తకం చివరి పేజీకి అతికించి, నిల్వ గడిలో సున్నా వేసి, తేదీ రాయాలి.